ట్రైపాడ్ లేజర్ స్కానర్‌తో కొండచరియ కదలికను పట్టుకోవచ్చా?

వాలుకు ఎదురుగా స్కానర్ నిలబెట్టి చరియ జారుతోందో లేదో తేల్చవచ్చా, ఎన్ని మిల్లీమీటర్ల కదలిక దాకా తెలుస్తుంది అని అడిగారు. ఈ రకం సర్వేలు చేస్తుంటాను కనుక చెబుతున్నాను: తేల్చవచ్చు. మిల్లీమీటర్ల విషయంలో మాత్రం స్కానర్ బ్రోషర్‌ను నమ్ముకోకండి.

ఒక్క స్కాన్‌తో చరియ ఆకారమే తెలుస్తుంది. కదలిక తెలియాలంటే కొంతకాలానికి మళ్లీ స్కాన్ చేసి, లేజర్ కొలిచిన లక్షల బిందువుల సమూహాలైన ఆ రెండు పాయింట్ క్లౌడ్‌లనూ కచ్చితంగా జతపరచాలి. పొరపాట్లు చొరబడేది అక్కడే. చరియకు బయట ఉన్న గట్టి రాతిని, కాంక్రీటు గోడను ఆధారంగా తీసుకోవాలి. మొత్తం క్లౌడ్‌ను సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే జారిన భాగాన్ని కూడా కలిపి సర్దేస్తుంది. ఉన్న కదలిక తగ్గిపోయి, లేనిచోట కొత్తది పుడుతుంది. అందుకే జతపరచడానికి వాడని ఒక స్థిరమైన రాతిముఖాన్ని విడిగా ఉంచి, ముందు అక్కడి తేడా చూస్తాను. అక్కడే 2 సెంటీమీటర్లు వస్తుంటే, చరియ మీద 1 సెంటీమీటరు గురించి మాట్లాడి లాభం లేదు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 0.3 మిల్లీరేడియన్ల మేర విచ్చుకునే కిరణం 100 మీటర్ల దగ్గర సుమారు 3 సెంటీమీటర్ల మచ్చ, కిలోమీటరు దగ్గర 30 సెంటీమీటర్ల మచ్చ అవుతుంది. మచ్చ పెద్దదయ్యే కొద్దీ చిన్న వివరాలు అందులో కలిసిపోతాయి.

చాలామంది గమనించనిది కదలిక దిశ. రెండు క్లౌడ్ల మధ్య తేడాను లెక్కించడానికి బాగా వాడుకలో ఉన్న ఎం3సి2 పద్ధతి ఆ తేడాను ఉపరితలానికి లంబంగా కొలుస్తుంది. చరియ తన వాలు వెంబడే జారితే పైన తెగిన అంచు దగ్గర తరుగు, కింద పాదం దగ్గర ఉబ్బు కనిపిస్తాయి. నడుమ దాదాపు సున్నా. రంగుల పటంలో ఆ సున్నాను చూసి స్థిరంగా ఉందనుకుంటే ప్రమాదం. అలాంటి చోట ఒకే బండరాయిని రెండు స్కాన్లలోనూ గుర్తుపట్టి స్థానాలు పోల్చుతాను. విసుగు పుట్టించే పనే, కానీ ఎటు జారిందో దానితోనే తెలుస్తుంది.

దట్టమైన పొదలుంటే కిరణం నేలను చేరదు. రాయి తడిగా ఉన్నప్పుడు 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతి వాడే స్కానర్‌కు ఖాళీలు మిగులుతాయి, ఆ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. వాన కురుస్తుండగానే హెచ్చరిక కావాలంటే నేల మీద నిలిపే రాడార్ మేలు.

మీది బోడి రాతి వాలా, పొదలున్న మట్టి వాలా? ఎదురుగా ఎంత దూరంలో గట్టి నేల దొరుకుతుంది? ఆ రెండూ రాస్తే ఎంత కదలిక దాకా ఆశించవచ్చో అంచనా వేసి చెబుతాను.