పాఠకుల ప్రశ్నలు: ఘంటసాలకు గాత్రం నేర్పిన గురువు

ప్రశ్న: విజయనగరంలో ఘంటసాల గారికి గాత్రం నేర్పినదెవరు? ఆ గురువుగారు కచేరీలు కూడా చేసేవారా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఆయన పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరులో ఆయన తండ్రి నరసింహశాస్త్రి గారిని పెద్ద గురువుగారనీ, ఈయనను చిన్న గురువుగారనీ పిలిచేవారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారి అధ్యక్షతన మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో, ఆ తరువాతి కాలంలో ఈయన గాత్ర పండితులుగా పనిచేశారు. కచేరీలూ చేశారు, తంబురాయే శ్రుతికి తగినదని పట్టుబట్టే విద్వాంసుల నడుమ, స్వయంగా హార్మోనియం వాయించుకుంటూ పాడడం ఆయన ప్రత్యేకత. భుజాన జోలె వేసుకుని, ఇంటింటా మధూకరం ఎత్తుకుని చదువుకున్న ఘంటసాలకు ఆయన ప్రతిఫలం ఆశించకుండా పాఠం చెప్పారు. శిష్యుని కీర్తి చాటున గురువుగారి కచేరీ విద్వత్తు మరుగున పడిందనే మాకు అనిపిస్తుంది.