వ్యానును విడిదిగా మార్చుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈ మధ్యే పదవీ విరమణ చేశాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు నేనూ మా ఆవిడా ఊళ్లు తిరగాలని అనుకుంటున్నాం. ట్యాక్సీగా తిరిగిన ఫోర్స్ ట్రావెలర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. డ్రైవరు సీటు కాక పన్నెండు సీట్లు ఉన్నాయి. వాటన్నిటినీ తీయించి మంచం, వంటగట్టు, సింకు, నీళ్ల ట్యాంకు పెట్టించాలని ఆలోచన. మా ఊరి వడ్రంగి, వెల్డింగ్ షాపు అతను కలిసి రెండు నెలల్లో చేసిస్తామంటున్నారు. ఇంట్లో ఏడు సీట్ల బండి ఒకటి ఎలాగూ ఉంది. ట్రావెలర్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీ వడ్రంగి పనితనం మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. పని పూర్తయ్యేసరికి మీ చేతిలోని ఆర్‌సీకీ, వాకిట్లో నిలబడ్డ బండికీ పొంతన ఉండదు కనుక అంటున్నాను. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణ వల్ల, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు వచ్చింది. సీట్ల సంఖ్య ఆర్‌సీలో రాసి ఉండే వివరమే. పైగా మీరు చూసిన బండి ట్యాక్సీగా నమోదైనది. దాన్ని సొంత వాడకానికి మార్చుకోవడానికి మరో దరఖాస్తు, మరో పన్ను ఉంటాయి. జరిమానా కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది బీమా. ఏదైనా జరిగి క్లెయిముకు వెళ్లిన రోజున, కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చిన సర్వేయరు కంటపడితే మీ తరఫున చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

అలాగని మన దేశంలో క్యాంపర్ వ్యానుకు చోటే లేదని కాదు. సొంత వాడకపు క్యాంపర్ వ్యానును రవాణేతర వాహనంగా, అంటే బాడుగకు తిప్పని బండిగా గుర్తిస్తూ కేంద్రం 2004లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇలాంటి బండ్ల నిర్మాణం, పరీక్షల కోసం ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్‌ఏఐ (వాహనాలను పరీక్షించే పరిశోధన సంస్థ) వంటివి బండిని పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాయి. ఒక్క బండి కోసం ఒక మనిషి ఇదంతా చేయించుకోవడం చాలా బరువైన పని కాబట్టి, నిజంగా పూర్తి స్థాయి బండే కావాలనుకుంటే ఇప్పటికే అనుమతి పొందిన బాడీ బిల్డరు దగ్గరికి వెళ్లండి. మీరు కట్టించుకోబోయే మోడలుకు, అంటే సరిగ్గా ఆ పొడవు బండికి, ఆ లోపలి అమరికకు వచ్చిన ధ్రువపత్రాన్ని చూపించమని అడగండి. ఆ కాగితాన్ని మీ ఆర్‌టీఓ కార్యాలయంలో చూపించి, సరేనన్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

అయితే మీరు చెప్పిన అవసరానికి, అంటే ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలకు, నా సలహా వేరు. ఇంట్లో ఉన్న ఏడు సీట్ల బండిలో దేన్నీ కోయకుండా, దేనికీ కొత్తగా రంధ్రం వేయకుండా, ప్రయాణానికి ముందు ఎక్కించి వచ్చాక దించేసుకునే మంచం కట్టించండి. ఆర్‌సీలోని అక్షరం మారదు. మిగిలిన మూడు వందల పైచిలుకు రోజులు బండి బండిలాగే ఉపయోగపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రెండు ప్రయాణాలు చేస్తే గానీ మీకు ఏం కావాలో మీకే తెలియదు. సింకు కావాలని పట్టుబట్టిన వాళ్లు చాలామంది చివరికి కుళాయి ఉన్న ఇరవై లీటర్ల క్యానుతో, ఒక బకెట్టుతో సుఖంగా తిరుగుతున్నారు.

మంచాన్ని వెనక సీట్లు మడిచాక కొలిచి మూడు పలకలుగా చేయించుకుంటే ఇద్దరు మనుషులు మోయగలుగుతారు, కింద సామాను పెట్టెలకు చోటు దొరుకుతుంది. ముందు సీట్లను పూర్తిగా ముందుకు జరిపి, మీలో పొడవైన వారు నిజంగా పడుకుని చూసిన తరువాతే కొలత ఖాయం చేయండి. పలకలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, అడుగున అల్యూమినియం సెక్షను ఆనిస్తే వంగదు. వడ్రంగులు అలవాటు కొద్దీ ఇంటి కప్‌బోర్డులకు వాడే 19 మిల్లీమీటర్ల చెక్క వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు 19 మిల్లీమీటర్లదైతే సుమారు 34 కిలోలు, 12 మిల్లీమీటర్లదైతే 21 కిలోలు తూగుతుంది. నాలుగు షీట్ల పనిలో ఈ తేడా ఒక మనిషి బరువంత అవుతుంది. నీళ్లు లీటరుకు ఒక కిలో అని మరిచిపోవద్దు. అంతా సర్దుకుని, నీళ్ల క్యానూ డీజిల్ ట్యాంకూ నింపుకుని, మీరిద్దరూ కూర్చుని దగ్గరలోని వేబ్రిడ్జి మీద కాటా వేయించండి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుకు ఎంత దూరంలో ఉన్నారో చూసుకోండి, వెనక చక్రాలను విడిగా కూడా తూయించండి. అరకు ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు మోయాల్సింది ఈ అంకెనే. పెట్టెలను, మంచాన్ని బండిలో కంపెనీ ఇచ్చిన కొక్కేలకే రాచెట్ బెల్టులతో బిగించండి. సడన్ బ్రేకు పడిన క్షణంలో కట్టని ఇరవై కిలోల పెట్టె నేరుగా మీ వీపు మీదికి వస్తుంది.

రంధ్రాల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, నా మొదటి బండిలో నేనే ఆ తప్పు చేశాను. ప్లైవుడ్ కదలకూడదని నేల రేకులోకి నేరుగా స్క్రూలు దిగ్గొట్టాను. ఒక వానాకాలం సముద్రపు ఒడ్డు ఊళ్లలో తిరిగి వచ్చాక మ్యాటు ఎత్తి చూస్తే చెక్క అడుగు నల్లబడి ఉంది, ప్రతి స్క్రూ చుట్టూ రూపాయి బిళ్లంత తుప్పు మచ్చ ఏర్పడింది. ఒక మచ్చ మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి కొద్దిగా నొక్కాను. అది రేకులోంచి కిందికి దిగిపోయింది, ఆ సందులోంచి నేల కనిపించింది. అదే వరసలో ఇంకో రెండంగుళాల అవతల డీజిల్ పైపు పోతోందని ఆ రోజే నాకు తెలిసింది.

ప్రశ్న: మా వ్యానులో చిన్న ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, ఫోన్ల చార్జింగుతో పాటు ఇండక్షన్ పొయ్యి కూడా వాడుకోవాలని ఉంది. ఇంట్లో ఖాళీగా ఉన్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టేస్తే సరిపోతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ బ్యాటరీని ఇంట్లోనే ఉంచండి. ఇంటి ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ రకం యాసిడ్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది, గతుకుల్లో యాసిడ్ చిందే ప్రమాదం ఉంది, యాభై కిలోలు దాటిన బరువు, పైగా సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తరిగిపోతుంది. మూసిన గదిలో దాని పక్కన పడుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. బండిలో పెట్టుకోదగినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) అంటే 1,280 వాట్-అవర్లు, ఇంటి మీటరు లెక్కలో ఒక యూనిట్టు పావు.

ఇక ఖర్చు వైపు చూడండి. పన్నెండు వోల్టుల ఫ్యాను 20 వాట్లది పది గంటలు తిరిగితే 200 వాట్-అవర్లు, లైట్లకు 50, ఫోన్లకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి 150. కంప్రెసరు ఉన్న చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ 45 వాట్లదనుకుంటే, ఆగుతూ సాగుతూ రోజు మొత్తం మీద పది గంటలు నడిచినా 450. మొత్తం 850. అంటే ఆ బ్యాటరీ ఒక పగలు, ఒక రాత్రి హాయిగా లాగుతుంది. ఇప్పుడు ఇండక్షన్ పొయ్యిని కలపండి. 1,800 వాట్ల పొయ్యిని అరగంట వాడితే 900 వాట్-అవర్లు పోతాయి. పప్పూ అన్నం ఉడికేసరికి మీ రోజంతటి కరెంటూ అయిపోయినట్టే. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. 12 వోల్టుల దగ్గర 1,800 వాట్లు అంటే ఇన్వర్టర్ నష్టాలతో కలిపి సుమారు 160 ఆంపియర్ల కరెంటు. ఒక్క బోల్టు వదులైనా ఆ వైరు అతుకు ఎర్రగా కాలుతుంది. అందువల్ల ఇండక్షన్ ఆలోచన మానుకోండి.

మీ ఎలక్ట్రీషియన్‌కు వైరు మందం గురించి తప్పక చెప్పండి, ఎందుకంటే ఇంటి 230 వోల్టుల అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. బ్యాటరీ నుంచి ఐదు మీటర్ల దూరంలో ఉన్న, పది ఆంపియర్లు లాగే పరికరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశారనుకోండి. పోయే దారి, వచ్చే దారి కలిపి పది మీటర్ల రాగి, అందులోనే దాదాపు 0.7 వోల్టు పడిపోతుంది. ఇంట్లో 230లో 0.7 పోతే ఎవరికీ తెలియదు. ఇక్కడ పన్నెండులో పోతే ఫ్రిజ్ బ్యాటరీ అయిపోయిందనుకుని తనంతట తానే ఆగిపోతుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరుతో నష్టం 0.3 దగ్గర ఆగుతుంది. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరం లోపలే మెయిన్ ఫ్యూజు ఉండాలి. అది కాపాడేది పరికరాన్ని కాదు, వైరును. ఇంటి బోర్డులోని ఎంసీబీలు ఏసీ కరెంటు కోసం చేసినవి కనుక వాటిని ఇక్కడ పెట్టనివ్వకండి, డీసీకి అని రాసి ఉన్నవే కొనండి.

చార్జింగుకు, బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే భాగం) నుంచి కరెంటు తీసుకునే 20 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు పెట్టుకుంటే మూడు గంటల ప్రయాణంలో దాదాపు ఒక రోజు వాడకం తిరిగి వస్తుంది. ఆల్టర్నేటరుకు వైరు నేరుగా కలపమనే వాళ్లు ఉంటారు. లిథియం బ్యాటరీ ఆకలిగా లాగే కరెంటుకు ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చు. సౌర పలక ఒకేచోట రెండు మూడు రోజులు ఆగేవాళ్లకు మేలు, 200 వాట్లది మన ఎండల్లో రోజుకు సుమారు 700 వాట్-అవర్లు ఇస్తుంది. టాపు మీద బిగించే బదులు విప్పి నేల మీద పరుచుకునే మడత పలక తీసుకోండి. బండిని నీడలో నిలిపి పలకను ఎండలో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో లంబసింగి వెళ్లి రెండు రాత్రులు వ్యానులోనే ఉండాలని అనుకుంటున్నాం. ఐదు కిలోల చిన్న సిలిండరుతో లోపలే వంట చేసుకోవచ్చా? చలికి కుంపటి పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను అమ్మా. వద్దు. కిటికీ కొద్దిగా తెరిచినా సరే, నిప్పు ఆరిపోయినట్టు కనిపించినా సరే, బొగ్గుల కుంపటిని బండిలోకి తేవద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ కూడా రాదు, పిల్లల మీద దాని ప్రభావం ఇంకా తొందరగా కనిపిస్తుంది. ఇంజను ఆన్ చేసి హీటరో ఏసీయో వేసుకుని పడుకోవడమూ ఇంతే ప్రమాదం. చలికి మంచి రగ్గులు, వేడినీళ్ల సంచులు, పరుపు కింద మందపాటి ఫోము షీటు చాలు. చలి వీపు కింద నుంచే ఎక్కువగా ఎక్కుతుంది. రెండు పక్కలా కిటికీలు వేలెడు సందు తెరిచి ఉంచండి. లేకపోతే నలుగురి ఊపిరి తేమా తెల్లవారేసరికి రేకు మీద నీటి బొట్లై పక్కబట్టల మీద రాలుతుంది. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని దిండు ఎత్తులో తగిలించండి.

వంట బయటే చేయండి. డిక్కీ తలుపు ఎత్తితే అదే పందిరి, దాని అంచుకు చిన్న టార్పాలిన్ కడితే గాలి కూడా తగలదు. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద, మంచం కింద పేరుకుంటుంది, కిటికీ తెరిచినంత మాత్రాన బయటికి పోదు. సిలిండరును ప్రయాణంలో నిలువుగా కట్టి ఉంచండి, రెగ్యులేటరు విప్పి సేఫ్టీ క్యాపు పెట్టండి, రాత్రి మాత్రం బండి బయటే ఉంచండి. పిల్లలకు పాలు కాచుకోవడం కోసం అర్ధరాత్రి లేవాల్సి వస్తుందనుకుంటే ఫ్లాస్కులో ముందే పోసుకోండి.

ప్రశ్న: వేసవిలో లోపల వేడి తగ్గాలంటే థర్మకోల్ అంటించవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: థర్మకోల్ తొందరగా అంటుకుంటుంది, అంటుకుంటే చిక్కటి నల్లటి పొగ వస్తుంది. దాన్ని బండిలోకి రానివ్వకండి. గ్లాస్ ఊల్ తేమ పీల్చి రేకును తుప్పు పట్టిస్తుంది. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు, అందులోనూ మంటను తట్టుకునే రకం, ఇందుకు బాగుంటుంది. ముందు టాపుకు అంటించండి, గోడల సంగతి తరువాత చూడవచ్చు. వెండి రంగు రేకు షీటును రెండు పొరల మధ్య నొక్కేస్తే పనిచేయదు, దాని ముందు కొద్దిపాటి ఖాళీ గాలి ఉన్నప్పుడే వేడిని తిప్పికొడుతుంది. అందుకే కిటికీ అద్దాలకు లోపలివైపు నుంచి ఈ షీట్లను కత్తిరించి పెట్టుకుంటే ఎక్కువ లాభం. ఇవన్నీ వేడి ఎక్కే వేగాన్ని తగ్గిస్తాయి గానీ, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో నిలిపిన బండిని చల్లబరచలేవు. సాయంత్రం ఐదు వరకు బండిని చెట్టు కిందే ఉంచండి, పడుకునే ముందు రెండు వైపుల తలుపులూ అరగంట తెరిచి లోపలి వేడిగాలిని ఫ్యానుతో బయటికి తోయండి.