కాంట్రాక్టు పూర్తి చేసి వెళ్లినవాడు ద్రోహి ఎలా అవుతాడు?

ప్రశ్న: ఫుట్‌బాల్ ఆటగాడు ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ ఆరేళ్ల వయసు నుంచి ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌లోనే పెరిగాడు. 2025లో క్లబ్ చేతికి పెద్దగా ఏమీ రాకుండా రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. పెంచి పెద్ద చేసిన చోట చూపే విశ్వాసం ఇదేనా? (విజయవాడ)

జవాబు: అభిమానుల కోపం అర్థమవుతుంది. 2025 మే 11న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగితే సొంత మైదానంలోనే అతన్ని ఎగతాళి చేశారు. అప్పటికి లీగ్ టైటిల్ గెలిచి రెండు వారాలే. అయితే 2021లో అతను చేసిన సంతకానికి గడువు 2025 జూన్ 30. ఒప్పుకున్న నాలుగేళ్లూ ఆడాడు. నెల ముందు కదిలింది కూడా దొడ్డిదారిన కాదు. క్లబ్ వరల్డ్ కప్‌కు కావాలని రియల్ సుమారు కోటి యూరోలు చెల్లించి లివర్‌పూల్ అనుమతితోనే తీసుకుంది.

దీని వెనక ఉన్నది బోస్మన్ తీర్పు. 1990లో బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కాంట్రాక్టు ముగిసింది. అయినా లియేజ్ క్లబ్ ఫీజు పట్టుబట్టి అతన్ని ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు వెళ్లనివ్వలేదు. గడువు తీరాక మరో ఈయూ దేశానికి వెళ్లే ఆటగాడి మీద ఫీజు అడగకూడదని 1995 డిసెంబరు 15న యూరోపియన్ కోర్టు తేల్చింది. ఫిఫా నియమం ప్రకారం చివరి ఆరు నెలల్లో ఆటగాడు మరో క్లబ్‌తో ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. ఇంగ్లండ్ ఆటగాడికి జూన్‌లో గడువు తీరుతుంటే జనవరి 1 నుంచి విదేశీ క్లబ్‌లు నేరుగా మాట్లాడవచ్చు.

కాబట్టి క్లబ్ మేలుకోవాల్సింది జనవరిలో కాదు, గడువు రెండేళ్లు ఉండగానే. అప్పుడు కొత్త సంతకమైనా తీసుకోవాలి, అమ్మకానికైనా పెట్టాలి. ఏడాదే మిగిలితే కొనేవాడు సగం ధరకు బేరం మొదలుపెడతాడు. 2004లో మైకేల్ ఓవెన్ ఏడాది గడువుతో ఉన్నప్పుడు ఇదే రియల్‌కు సుమారు 80 లక్షల పౌండ్లకు, తోడుగా వచ్చిన మరో ఆటగాడికి లివర్‌పూల్ వదులుకోవలసి వచ్చింది. అంతకుముందు 1999లో స్టీవ్ మెక్‌మనమన్ ఉచితంగానే అదే దారి పట్టాడు. ఇంత అనుభవం ఉన్న ఆఫీసు 2024-25లో సలా, వాన్ డైక్, ట్రెంట్ ముగ్గుర్నీ ఒకేసారి ఆఖరి ఏడాదిలోకి రానిచ్చింది. మొదటి ఇద్దరూ ఏప్రిల్‌లో సంతకం చేశారు, మూడోవాడు చేయలేదు. తప్పు వెతకాలంటే ముందు అక్కడ వెతకాలి.

మధ్యేమార్గం ఒకటుంది: తక్కువ రిలీజ్ క్లాజుతో (ఇంత కడితే ఆటగాణ్ని వదులుతామని రాసుకునే మొత్తం) రెండేళ్లు పొడిగించి, వెళ్లేటప్పుడు క్లబ్‌కు డబ్బు దక్కేలా చూడటం. అందరూ దీనికి ఎందుకు ఒప్పుకోరంటే, ఫీజు లేకుండా వచ్చేవాడికి కొత్త క్లబ్ ఆ మిగులులో కొంత సైనింగ్ బోనస్‌గా ఇస్తుంది. పొడిగిస్తే అది పోతుంది. ఈలోగా మోకాలు దెబ్బతింటే కొనేవాడూ పోతాడు. ఆటగాణ్ని నిందించదగ్గ సందర్భం ఒక్కటే: వేరేచోట మాట ఇచ్చేసి, ఇక్కడ సంతకం పెడతానని నమ్మిస్తూ రావడం.

ప్రశ్న: చెల్సీ ఎనిమిదేసి ఏళ్ల కాంట్రాక్టులు ఇస్తోంది. ఆటగాడి మీద క్లబ్‌కు అంత నమ్మకమనేగా అర్థం? (రాజమహేంద్రవరం)

జవాబు: నమ్మకం కొంత, లెక్కల పుస్తకం చాలా. ట్రాన్స్‌ఫర్ ఫీజును కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి ఖర్చు రాస్తారు. 10 కోట్ల పౌండ్ల ఆటగాడు ఐదేళ్లకైతే ఏటా 2 కోట్లు, ఎనిమిదేళ్లకైతే ఏటా 1.25 కోట్లు. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్, ముద్రిక్‌లకు ఎనిమిదిన్నరేళ్లు ఇచ్చిన చెల్సీకి ఇదే కలిసొచ్చింది. ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, డిసెంబరులో ప్రీమియర్ లీగ్ ఈ పంపకాన్ని ఐదేళ్లకు పరిమితం చేశాయి. ఎక్కువ ఏళ్లకు సంతకం ఇప్పటికీ చేయించుకోవచ్చు, లెక్క మాత్రం ఐదేళ్లకే. ఇందులో చిక్కూ ఉంది. ఆటగాడు ఆడకపోయినా జీతం నడుస్తూనే ఉంటుంది. ఐదేళ్ల లెక్కలో రెండేళ్ల తర్వాత పుస్తకంలో 6 కోట్లు మిగిలి ఉండగా 5 కోట్లకు అమ్మితే కోటి నష్టం రాయాలి.

దీనికి రెండో వైపు చేదుగా ఉంటుంది. సొంత అకాడమీలో ఎదిగిన కుర్రాడికి కొన్న ధర లేదు, పుస్తక విలువ సున్నా. అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాది లాభమే. అందుకే లెక్కలు బిగిసినప్పుడు ముందు అమ్ముడయ్యేది ఊరి కుర్రాడే. చిన్నప్పటి నుంచి చెల్సీలో ఉన్న మేసన్ మౌంట్‌ను 2023లో, కానర్ గాలగర్‌ను 2024లో, ఇద్దరికీ ఏడాదే గడువుండగా అమ్మేశారు. గాలగర్ అంతకుముందు సీజన్‌లో చాలా మ్యాచ్‌లకు కెప్టెన్ కూడా. ఆ క్లబ్‌ను ఎవరైనా ద్రోహి అన్నారా?

ప్రశ్న: వెళ్లనిస్తామని యాజమాన్యం నోటిమాటగా హామీ ఇస్తే సరిపోదా? (హనుమకొండ)

జవాబు: సరిపోదు. హ్యారీ కేన్ 2018లో టోటెన్‌హామ్‌తో ఆరేళ్లకు సంతకం చేశాడు. 2021లో మాంచెస్టర్ సిటీ అడిగింది, పెద్దమనుషుల ఒప్పందం ఉందని వార్తలూ వచ్చాయి. గడువు మూడేళ్లు ఉంది కనుక క్లబ్ ససేమిరా అంది. ఏడాది మిగిలిన 2023లోనే జర్మనీ క్లబ్ బయర్న్‌కు దారి దొరికింది.

రాతలో ఉన్నా మాటలు కచ్చితంగా ఉండాలి. 2013లో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ క్లాజు 4 కోట్ల పౌండ్లు దాటితే చాలనుకుని ఆర్సెనల్ సరిగ్గా ఒక పౌండు కలిపి అడిగింది. లివర్‌పూల్ అమ్మలేదు. ఎంత మొత్తం, ఏ తేదీ లోపు, ఏకమొత్తమా వాయిదాలా, ఏ క్లబ్‌లకు వర్తిస్తుంది, సొమ్ము ముట్టగానే క్లబ్ తప్పక వదలాలా లేక చర్చిస్తే చాలా... ఇవన్నీ విడివిడిగా రాయించుకోవాలి. స్పెయిన్‌లో పరిస్థితి వేరు. 1985 నాటి చట్టం వల్ల అక్కడ దాదాపు ప్రతి కాంట్రాక్టులోనూ ఈ రిలీజ్ క్లాజు అంకె ఉంటుంది. 2017లో పారిస్ క్లబ్ పీఎస్‌జీ నెయ్‌మార్ కోసం 22.2 కోట్ల యూరోలు కట్టేస్తే బార్సిలోనా ఆపలేకపోయింది.

ప్రశ్న: టొట్టి లాంటివాళ్లు ఇక రారా? (డల్లాస్)

జవాబు: వస్తారు, అరుదుగా. టొట్టి 25 సీజన్లు ఇటలీ క్లబ్ రోమాకే ఆడాడు. కానీ రోమా అతన్ని కెప్టెన్‌ను చేసింది, జట్టును అతని చుట్టూ కట్టింది. ఒకవైపు నుంచే నడిచిన ప్రేమ కాదది.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. రెండేళ్లు తిరక్కుండానే ఆటగాళ్లు వదిలి వెళ్లారు. జట్టు కష్టంలో ఉన్నప్పుడు వెళ్లడం సబబా? (సికింద్రాబాద్)

జవాబు: జీతాలు అందకపోతే వెళ్లడం హక్కు. ఫిఫా నియమాల్లో దీనికి వరస ఉంది. కనీసం రెండు నెలల జీతం బకాయి పడాలి. అప్పుడు ఆటగాడు ఎంత బాకీ, ఏ నెలలది అని రాసి, చెల్లించడానికి కనీసం 15 రోజుల గడువిస్తూ లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా డబ్బు రాకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. మిగిలిన కాలానికి పరిహారమూ అడగవచ్చు. కొత్త క్లబ్‌లో చేరితే అక్కడి జీతాన్ని అందులోంచి తగ్గిస్తారు.

కేసులు బెడిసికొట్టేది చిన్న పొరపాట్లతోనే. మేనేజర్‌తో ఫోన్లో చెప్పి ఊరుకోవడం, కాంట్రాక్టులో ఉన్న చిరునామాకు కాక వేరేచోటికి నోటీసు పంపడం, 15 రోజులు పూర్తికాకముందే ప్రాక్టీసు మానేయడం. చివరిది చేస్తే కాంట్రాక్టు ఉల్లంఘించింది ఆటగాడేనని క్లబ్ ఎదురు తిరుగుతుంది. గడువు ముగిసేదాకా రోజూ మైదానానికి రావాలి, హాజరుకు రుజువు దాచుకోవాలి, బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోవాలి. విదేశీ ఆటగాడైతే ఫిఫాకు, భారతీయుడైతే మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ ప్లేయర్ స్టేటస్ కమిటీకి ఫిర్యాదు చేయాలి.