అడగకుండా చెప్పే సలహా వైద్యం కాదు

‘పెద్ద భాషా నమూనాలను (చాట్‌జీపీటీ లాంటి, అడిగినదానికి రాసి జవాబిచ్చే ఏఐలను) వైద్యంలో, వైద్య పరిశోధనలో ఎంతవరకు నమ్మవచ్చు?’ అని అడిగారు. నేను విశాఖపట్నంలో డయాలసిస్ నర్సును. నా జవాబు ఒక్కటే: వాటికి చాలా తెలుసు, కానీ రోగిని ప్రశ్నించడం రాదు. వైద్యంలో సగం పని ప్రశ్నించడమే.

గూగుల్ వాళ్లు వైద్యం కోసం తయారుచేసిన మెడ్-పామ్ అనే నమూనా 2022లో అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష తరహా ప్రశ్నల్లో 67.2 శాతం తెచ్చుకుంది. మరుసటి ఏడాది మెడ్-పామ్ 2 ఏకంగా 86.5 శాతానికి చేరింది. ఇది చూపించి ఇక డాక్టర్లతో పనేముంది అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పరీక్షలో రోగి వయసు, పాత జబ్బులు, రక్తపరీక్షల ఫలితాలు ప్రశ్నలోనే పేర్చి ఉంటాయి. ఇంట్లో ఫోను పట్టుకున్నవాడికి అవన్నీ ఎవరు పేర్చి ఇస్తారు?

పోయిన వేసవిలో శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు నుంచి ఒక పెద్దాయనను మా దగ్గరికి తీసుకొచ్చారు. ఉద్దానం మనిషి. అక్కడ చాలామందికి లాగే ఆయనకూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ‘ఎండకు తాతకు నీరసంగా ఉంది, ఏమివ్వాలి?’ అని మనవడు ఫోనులో తెలుగులోనే అడిగాడట. కొబ్బరినీళ్లు, అరటిపండు ఇవ్వమని చక్కటి తెలుగులో జవాబొచ్చింది. ఉద్దానంలో కొబ్బరికి కరువా? పెరట్లోనే చెట్లు. పూటపూటా తాగించారు. ఆ నీళ్లలోని పొటాషియాన్ని బయటికి పంపే శక్తి ఆయన కిడ్నీలకు లేదు. మా దగ్గరికి చేరేసరికి ఈసీజీలో అలలు సూదిమొనల్లా లేచి ఉన్నాయి, అంటే పేరుకున్న పొటాషియం గుండె మీద దెబ్బ కొడుతోంది. డాక్టరు గారు వెంటనే కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి డయాలసిస్ మొదలుపెట్టించారు. ఆయన బతికారు.

‘మంచిదనే చెప్పింది కదా సిస్టర్!’ అన్నాడు మనవడు, కళ్లనీళ్లతో. అతని చేతనే, తాతకు డయాలసిస్ జరుగుతోందన్న మాట చేర్చి అదే ప్రశ్న మళ్లీ అడిగించాను. ఈసారి మొదటి వాక్యంలోనే కొబ్బరినీళ్లు వద్దంది. అంటే దానికి తెలుసు. ‘ఆయనకు వేరే జబ్బులేమైనా ఉన్నాయా?’ అని మాత్రం అడగలేదు. నిన్న చేరిన ట్రైనీ నర్సు కూడా అడిగే ప్రశ్న అది.

ఇంకో కోపం కూడా ఉంది. అంతకుముందు వేరే ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. తినకూడని వాటి జాబితా చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో. తెలుగు రోగికి తెలుగులో రాసివ్వకపోతే ఫోనును కాక ఎవరిని అడుగుతాడు? ఈ నమూనాలతో మన ఆసుపత్రులు ముందుగా చేయించవలసిన పని ఇదే: డాక్టరు రాసినదాన్ని తెలుగులో పెట్టించడం, దాన్ని ఒక మనిషి చదివి, సరిచూసి, సంతకం చేసి ఇవ్వడం.

పరిశోధనలో వ్యాసాల సారాంశం తీయడానికి అవి పనికొస్తాయి. లేని వ్యాసాలను ఉన్నట్టు చూపిస్తాయి కూడా, కాబట్టి ప్రతిదాన్నీ పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన వ్యాసాలను వెతికే వెబ్‌సైటులో) వెతికి చూడాలి. ఉద్దానం జబ్బుకు కారణం అడిగితే నీళ్లలో సిలికా, పురుగుమందులు, ఎండలో చాకిరీ అని వరుసగా చెబుతాయి. ఏళ్ల తరబడి వెతుకుతున్నా వాటిలో ఏదీ ఇంకా తిరుగులేకుండా రుజువు కాలేదు. రుజువు కావాలంటే ఆ ఊళ్లకు వెళ్లి నీళ్లు, రక్తం, మూత్రం నమూనాలు తీయాలి, ఆ మనుషులను ఏళ్లపాటు గమనించాలి. డబ్బు ముందు అక్కడ పెట్టాలి.

మీ ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే, ఫోనును అడిగేటప్పుడు జబ్బు పేరు, వాడుతున్న మందులు, చివరి రక్తపరీక్షలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె) ఎంతో రాయండి. పేరు, ఆధార్ నంబరు మాత్రం రాయకండి. వచ్చిన జవాబును మీ డయాలసిస్ నర్సుకు చూపించిన తర్వాతే ఏదైనా తాగించండి.