బీచ్ రోడ్డు హోటల్లో మెనూ బోర్డుగా ఇంటి టీవీ సరిపోతుందా?

రోజుకు నాలుగైదు గంటలు క్రికెట్టో వార్తలో చూపించడానికైతే ఇంటి టీవీ చాలు. పొద్దున టిఫిన్ల నుంచి రాత్రి దాకా కదలని మెనూ పెట్టాలంటే మాత్రం కమర్షియల్ డిస్‌ప్లేనే (వ్యాపార స్థలాల్లో గంటల తరబడి ఆడేలా చేసిన తెర) కొనండి. స్పెసిఫికేషన్లలో 16/7 (రోజుకు 16 గంటలు, వారంలో ఏడు రోజులూ) లేదా 24/7 అని ఉండాలి. మామూలు ఇంటి టీవీల వెలుగు చాలావరకు 250-350 నిట్లే (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం). సముద్రం వైపు అద్దాల్లోంచి ఎండ పడేచోట 700 నిట్లయినా లేకపోతే అక్షరాలు వెలవెలబోతాయి. ఇంటి టీవీని నిలువుగా బిగించొద్దు, వేడి బయటకు పోయే దారి మారిపోతుంది. వ్యాపార స్థలంలో వాడితే వారంటీ చెల్లదని చాలా కార్డుల్లో రాసే ఉంటుంది, కొనేముందే చదవండి.

కమర్షియల్ వాటిలో చాలావాటికి టీవీ ఛానళ్లను అందుకునే ట్యూనర్ ఉండదు. సెట్‌టాప్ బాక్సును హెచ్‌డీఎంఐకి కలపాలి. ఉప్పుగాలికి ఇంటి టీవీ, కమర్షియల్ డిస్‌ప్లే రెండూ లొంగేవే. పోర్టులు తుప్పు పడతాయి, తెరిచి ఉంచే తలుపుకు ఎదురుగా ఏదీ బిగించొద్దు.