తూనీగలు కారు మీద తోక ఎందుకు కొడతాయి?

ప్రశ్న: మాది నల్లగొండ పక్కన పానగల్. వానాకాలంలో ఉదయసముద్రం కట్ట మీద తూనీగలు గుంపులుగా ఎగురుతుంటాయి. నీళ్లలో తోక ముంచి లేస్తాయి, సరే, మా నల్ల కారు బానెట్ మీద కూడా అట్లనే కొడుతున్నాయి. ఎందుకు? పిల్లల్ని కుడతాయా?

జవాబు: కుట్టవండీ, వాటికి ముల్లే లేదు, టెన్షన్ వద్దు. తోక ముంచేది ఆడది, గుడ్లు పెట్టడానికి. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగును బట్టే అవి చెరువును గుర్తుపడతాయి, మెరిసే నల్ల బానెట్ నుంచి కూడా అలాంటి వెలుగే రావడంతో మోసపోతాయి. పాపం, ఆ గుడ్లు ఎండకు మాడిపోవాల్సిందే.

నీళ్లలో పడ్డ గుడ్లదే అసలు కథ. పిల్లపురుగు కింది పెదవిని మడిచి దాచుకుంటుంది, దోమపిల్ల దగ్గరికి రాగానే గభాలున చాపి పట్టేస్తుంది, చిన్న కప్పపిల్లనైనా వదలదు, ప్రమాదం అనిపిస్తే వెనక నుంచి నీళ్లు చిమ్మి రాకెట్‌లా దూసుకుపోతుంది. పెరిగాక గడ్డిపోచ ఎక్కి తోలు విడుస్తుంది. చెరువు అంచున వెతకండి, ఆ ఖాళీ తోళ్లు దొరుకుతాయి.

గుంపుల్లోవి పసుపు, నారింజ కలిసిన రంగులో ఉంటే అవి చాలావరకు పాంటాలా ఫ్లావెసెన్స్ జాతివే. వాననీటి గుంటల్లో నెలన్నర, రెండు నెలల్లోనే పెరిగిపోతాయి. అక్టోబరులో మాల్దీవుల్లో ఇవి లెక్కలేనన్ని దిగుతాయి, ఇండియా నుంచి సముద్రం దాటి ఆఫ్రికాకు పోతున్నాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశారు. అంత దూరం పోయేదానికి పిల్లలు దారం కట్టి ఆడటం నాకైతే నచ్చదు.

కారుకు కవర్ కప్పండి, చాలు.