అంకెల ముచ్చట: పల్లెలో నిరుద్యోగం తక్కువైతే ఈ బస్సులన్నీ ఎటు?

ప్రశ్న: ఓయూలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. సెమినార్ కోసం రెండు పై చార్టులు (గుండ్రటి బొమ్మలు) వేశాను: పల్లెల్లో నిరుద్యోగం 2.5 శాతం, హైదరాబాద్‌లో 5.1 శాతం. మా నాన్న చూసి, 'పల్లెల్లో అంత బాగుంటే మన ఊరి పిల్లలంతా హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్‌లో ఎందుకు దిగుతున్నారు?' అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. అంకెలు తప్పా, చార్టు తప్పా?
– ఎస్. ఆర్., దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అంకెలు తప్పు కాదమ్మా. చార్టు మీద 'హైదరాబాద్' అన్న పేరు మాత్రం కొట్టేయండి. ఆ 5.1 దేశంలోని పట్టణాలన్నిటికీ కలిపి వచ్చిన అంకె. 2023 జులై నుంచి 2024 జూన్ దాకా జరిగిన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (ఉపాధి, నిరుద్యోగం లెక్కలు కట్టే కేంద్ర ప్రభుత్వ సర్వే)లోది, 15 ఏళ్ళు, ఆపై వయసువాళ్ళది. ఇక మీ నాన్నగారి ప్రశ్న. సెమినార్‌లో ఇంతకన్నా మంచి ప్రశ్న ఎవరూ వేయరు.

నిరుద్యోగ రేటును మొత్తం జనం మీద కట్టరు. పని చేస్తున్నవాళ్ళనూ, పని కోసం చూస్తున్నవాళ్ళనూ కలిపి, అందులో పని దొరకనివాళ్ళు ఎందరని చూస్తారు. పల్లెలో ఉద్యోగం కోసం ఖాళీగా ఎదురుచూసే స్తోమత ఎందరికుంది? డిగ్రీ చదివి నాన్న పొలంలో పని చేస్తున్న కుర్రాడు, చేతికి పైసా రాకపోయినా, సర్వే లెక్కలో పని ఉన్నవాడే. అతనే హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతూ 'ఉద్యోగం వెతుకుతున్నా, దొరికితే చేరతా' అంటే నిరుద్యోగి. 'చదువుకుంటున్నా' అని ఊరుకుంటే ఆ లెక్కలోకే రాడు. అందుకే ఒక్క నిరుద్యోగ రేటు పట్టుకుని పల్లె మేలా, పట్నం మేలా అని తేల్చడానికి నేను ఒప్పుకోను.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. సర్వే ఉద్యోగంలో పాలమూరు వైపు ఊళ్ళు చాలా తిరిగాను. 'ఏం పని చేస్తావమ్మా' అని అడిగితే 'ఏం లేదు సారూ, ఇంట్లనే ఉంటా' అనేవాళ్ళు. అప్పుడే బర్రె పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చినావిడ ఆ మాట చెప్పేది! ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే గాని ఆ పని ఫారంలోకి ఎక్కదు. గ్రామీణ మహిళల్లో పనిలో ఉన్నవాళ్ళు, పని కోసం చూస్తున్నవాళ్ళు కలిపి 2017–18లో 24.6 శాతం ఉంటే 2023–24కి 47.6 శాతం అయ్యారు. ఇందులో కొత్తగా పుట్టిన పని ఎంత, ఎప్పటి నుంచో ఉన్న పనిని అడిగి రాయడం ఎంత అన్న వాదన ఆర్థికవేత్తల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

కాబట్టి ఆ గుండ్రటి బొమ్మలు తీసేయండి. రెండు పెద్ద చతురస్రాలు గీసి, ఒక్కోదాంట్లో వంద గళ్ళు పెట్టండి. ఒకటి పల్లె మహిళలకు, ఒకటి పట్టణ మహిళలకు. 2023–24లో పల్లెలో 46.5 శాతం మంది పనిలో ఉన్నారు, పట్టణంలో 26 శాతమే. ఇక్కడే ఆగితే పల్లె గెలిచినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పని రకాన్ని బట్టి రంగులు వేయండి. పనిలో ఉన్న పల్లె మహిళల్లో నూటికి 73 మందికి పైగా స్వయం ఉపాధి అన్న పద్దులో ఉన్నారు; జీతం లేకుండా ఇంటి సేద్యంలో సాయపడేవాళ్ళు కూడా ఇందులోకే వస్తారు. నెల జీతం ఉన్నవాళ్ళు నూటికి ఎనిమిది మంది కూడా లేరు. పట్టణంలో పనిచేసే మహిళల్లో దాదాపు సగం మందికి నెల జీతం ఉంది. గుణించి చూడండి: పల్లె చతురస్రంలో జీతం రంగు పడే గళ్ళు నాలుగుకు లోపే, పట్టణంలో పదమూడు దాకా. పట్నంలో పనిచేసే ఆడవాళ్ళు తక్కువ, జీతం తెచ్చుకునేవాళ్ళు మూడింతలు. మీ నాన్నగారికి ఈ బొమ్మ చూపించండి, ఇమ్లీబన్ సంగతి ఆయనే మీకు చెబుతారు. మగవాళ్ళకూ ఇలాగే వేయండి. దిశ అదే.

ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో మీకు 2025 ఏప్రిల్ అంకెలు కూడా దొరుకుతాయి: పల్లెలో 4.5, పట్టణంలో 6.5 శాతం. వాటిని పాత అంకెలతో కలిపి ఒకే గీత లాగి 'నిరుద్యోగం పెరిగింది' అని రాసేరు! పాతవి ఏడాది మొత్తం చూసి కట్టినవి. కొత్తవి గడిచిన వారం రోజులవి. ఆ వారంలో ఒక్క రోజు, ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. కూలి కోసం అడ్డా మీద ఆరు రోజులు నిలబడి ఏడో రోజు ఒక పూట ఇటుకలు మోసిన మనిషి అక్కడ నిరుద్యోగి కాడు. పైగా 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి కూడా మార్చారు. కొలబద్ద మారిన చోట గీత తెంచి, ఎందుకు తెంచారో కింద ఒక ముక్క రాయండి. ఇక బార్ చార్టు వేస్తే సున్నా నుంచే మొదలుపెట్టండి. రెండు నుంచి మొదలుపెడితే 2.5 పక్కన 5.1 ఆరింతలుగా కనిపిస్తుంది. టీవీ చానళ్ళకు ఆ సరదా బాగా ఉంది, మీకెందుకు?

ప్రశ్న: మా ఊరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఊళ్ళో ఇంకా పంచాయతీయే. మేం పల్లె లెక్కా, పట్నం లెక్కా?
– కె. వి., ఘట్‌కేసర్ వైపు నుంచి

జవాబు: మున్సిపాలిటీగా ప్రకటిస్తే ఏ పేచీ లేదు, పట్టణమే. పంచాయతీగా ఉన్నా జనగణన మిమ్మల్ని పట్టణంగా చూడొచ్చు, మూడు షరతుల మీద. జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్ళలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మగవాళ్ళనే ఎందుకు చూస్తారని మీ ఇంట్లో ఆడవాళ్ళు అడిగితే న్యాయమే. పై ప్రశ్న వేసిన అమ్మాయి కూడా ఇది చదవాలి. వ్యవసాయం వదిలిన ఊళ్ళను ఏరి పట్టణాల్లో కలిపేశాక, పల్లెల్లో వ్యవసాయమే ఎక్కువని చార్టు వేస్తే అందులో కొంత ఆ ఏరివేత వల్ల వచ్చిందే. మీ ఊరు 2011 జనగణనలో ఏ పద్దులో ఉందో జిల్లా జనగణన పుస్తకంలో దొరుకుతుంది. అందులో 'సెన్సస్ టౌన్' (ఆ మూడు షరతుల మీద పట్టణంగా లెక్కించిన ఊరు) అని ఉందేమో వెతకండి.